వీథికుక్క వెఱపు

మహాభారతమునకు కడపట ఒక కుక్క కలదని మీరందఱు ఎఱుఁగుదురు. ధర్మరాజు మహాప్రస్థానమున నడచుచుండఁగా అది తుదివఱకు వెంబడించుటయు, దానిని విడిచి స్వర్గమునకు రానని ఆయన యింద్రునితో వాదించుటయు మన యిండ్లలోని పసిపిల్లలకు సయితము తెలిసిన కథయే. అయితే ఆ మహాగ్రంథమునకు మొదటను ఒక కుక్క కలదు. దానిని తలఁచువారు తక్కువ. నేఁడు నేను చెప్పఁబూనిన చరిత్రమునకు ఆ మొదటి కుక్కయే తగిన ద్వారము.

జనమేజయుఁడు కురుక్షేత్రమున తమ్ములతోఁ గూడి దీర్ఘకాలిక మగు సత్రయాగము నడపుచుండెను. యజ్ఞవాటిక పదుగురు వచ్చుచుఁ బోవుచు నుండెడి చోటు. అచ్చటికి దేవశుని యగు సరమ కొడుకు, సారమేయుఁడు, ఆడుకొనుచు వచ్చెను. శ్రుతసేనుఁడు, ఉగ్రసేనుఁడు, భీమసేనుఁడు అను జనమేజయుని తమ్ములు మువ్వురును దానిని కొట్టిరి. అది యేడ్చుచు పఱుగెత్తి తల్లితో మొఱపెట్టెను. తల్లి మొదట పుత్రపక్షపాతము వహింపలేదు. నీవే తప్పు చేసియుందువని అడిగినది. హవిస్సును చూడనులేదు, నాకనులేదు అని అది చెప్పెను. అంతట సరమ సభకు వచ్చి, నా బిడ్డ చేసిన తప్పేమని ప్రశ్నించెను. ఎవరును బదులు పలుకలేదు. అప్పుడామె యిచ్చిన శాపము గమనింపఁదగినది. చావు గాని, రోగము గాని, రాజ్యనాశము గాని కోరలేదు. కనఁబడని దిక్కునుండి మీకు భయము కలుగుఁగాక అన్నది. నన్నయభట్టారకుఁడు 11వ శతాబ్దమున రాజమహేంద్రవరమునందు భారతమును తెనిఁగింపఁబూనినపుడు ఈ కథను విడువక చెప్పి, నిమిత్తము లేక వచ్చు భయములని ఆ శాపార్థమును తేటపఱచెను.

కుక్క యనుభవించిన వెఱపే రాజునకు సంక్రమించినదన్న మాట. ఈ సంక్రమణమునకు పురాణమునందే కాక చరిత్రమునందును నిదర్శనములు కలవు. అందులో నాకు ముఖ్యమని తోఁచినది 1832వ సంవత్సరమున బొంబాయి నగరమునందు జరిగినది.

దానిని చెప్పుటకు ముందు, ఏలినవారి పక్షమున ఒక మాట చెప్పవలసియున్నది. కుక్కకు మనుష్యుఁడు వెఱచుట వట్టి పిఱికితనము కాదు. పిచ్చికుక్కను మన పూర్వులు అలర్కమనిరి. సుశ్రుతసంహితయందలి కల్పస్థానములో దాని లక్షణములును, దాని కాటు తినినవానికి తుదకు నీటిని చూచినను నీటి పేరు విన్నను కలుగు త్రాసమును వర్ణింపఁబడినవి. ఆ త్రాసము పుట్టినపిదప బ్రదుకు ఆస లేదనియు చెప్పఁబడినది. జలత్రాసమను ఆ పేరిలోనే భయము ఇమిడియున్నది. వేల యేండ్లు గడచినను నాఁటి వైద్యుని ఆ తీర్పు నేఁటికిని తప్పలేదు. లక్షణములు పొడసూపిన పిమ్మట ఈ వ్యాధి ఇంచుమించు ప్రాణాంతకమే. కావున పురరక్షణ వహించినవాఁడు పిచ్చికుక్కను గుఱించి కలఁతపడుట న్యాయమే. ఆ కలఁత ఏ త్రోవను పట్టినదన్నదే విచారింపవలసినది.

బొంబాయి నాఁడు ఈస్టిండియా కంపెనీవారి యేలుబడిలో నుండెను. యజమానులు లేని కుక్కలను ఏఁట రెండు పర్యాయములు, అనఁగా ఏప్రిలు 15 మొదలు మే 15 వఱకును, సెప్టెంబరు 15 మొదలు అక్టోబరు 15 వఱకును చంపవచ్చునని 1813లో పోలీసు మేజిస్ట్రేటు ఉత్తరువు చేసియుండెను. వేసవి యెండకు కుక్కలు పిచ్చెత్తునని లోకమునఁ గల తలంపు ఈ గడువులకు మూలము కావచ్చును. 1832లో వేసవి గడువును జూను 15 వఱకు పొడిగించిరి. చంపిన కుక్క ఒక్కింటికి ఎనిమిది అణాలు బహుమానము.

శ్రోతలారా! ఆ ఎనిమిది అణాల యొద్ద ఒక్కింత నిలువుఁడు. నా తలంపున ఈ కథకంతకు కీలకము అదియే. నిజముగా పిచ్చెత్తిన కుక్క ఒకచోట నిలువదు; త్రోవ తప్పి పఱువులిడును; దాని దగ్గఱకు పోవుటకు వేఁటగానికే గుండె చాలదు. బెదరిన కుక్కయు అంతే. మనుష్యుని నీడ సోఁకినంతనే సందులోనికి దూఱును. ఇఁక సులువుగా దొరకునది ఏది? పిలిచిన వచ్చునది, తోఁక యాడించునది, ఏ యింటి ముంగిట పండుకొని ఆ యింటి యన్నము తినునది. రెండింటికిని వెల ఒక్కటే యైనపుడు కూలికి వచ్చినవాఁడు దేనిని పట్టును? అందుచేత బహుమానము రోగముగల కుక్కను వెదకదు, మనుష్యుని నమ్మిన కుక్కను వెదకును. బొంబాయిలో జరిగినదియు ఇదియే. పట్టువారు అత్యుత్సాహమున ఇండ్ల ముంగిళ్లలోని పెంపుడు కుక్కలను సయితము విడువరైరి.

ఇది పారసీకుల మనస్సును ప్రత్యేకముగా నొప్పించినది. వారి మతమునందు కుక్కకుఁ గల స్థానమును తెలియనివారికి ఆ నొప్పి అర్థము కాదు. పారసీకుఁడు మృతినొందిన పిమ్మట శవమును కుక్కకు చూపుదురు. దానికి సగ్‌దీద్ అని పేరు, శునకదృష్టి యని అర్థము. అందులకు నాలుగు కన్నుల కుక్క శ్రేష్ఠమని వారి గ్రంథము చెప్పుచున్నది; కనుబొమల మీఁద రెండు మచ్చలు గలది యని పెద్దలు వివరింతురు. మన ఋగ్వేదమున పదవ మండలమునందు యముని వాకిటఁ గాచు సారమేయములు రెండును నాలుగు కన్నులవే యని వర్ణింపఁబడినవి. ఇరుజాతుల పూర్వులును ఒకప్పుడు ఒక్కచోట వసించిన కాలపు ఎఱుక ఇట్టి మాటలలో మిగిలియున్నదని భాషాశాస్త్రవేత్తలందురు.

అంతకంటె మన విషయమునకు దగ్గఱగా నున్నది వారి వెందీదాదు అను ధర్మశాస్త్రము. అందు పదునైదవ ప్రకరణమునందు కుక్కకు చేయు అపచారములు లెక్కింపఁబడినవి. నమల శక్యము కాని యెముక వేయుటయు, నోరు కాలునంత వేఁడి యన్నము పెట్టుటయు పాపములే. చూలుతో నున్న కుక్కను కొట్టుట మాత్రమే కాదు, దానివెంటఁ బరుగెత్తియో, అఱచియో, చప్పట్లు కొట్టియో బెదరించుటయు పాపమే; ఆ బెదరుచే అది గోతిలోనో నూతిలోనో పడి గాయపడినచో దోషము బెదరించినవానిది. బాటమీఁద ఈన సిద్ధముగా నున్న కుక్కకు దిక్కెవరని ప్రశ్న వచ్చినపుడు, ఎవని యిల్లు ఆ చోటికి మిక్కిలి దగ్గఱయో వాఁడే పోషింపవలెనని తీర్పు. వీథికుక్క ఎవరిదియు కాదు గనుక ఎవరికిని బాధ్యత లేదని నేఁడు మనము పలుకు మాటకు ఇంత సూటియగు ప్రత్యుత్తరమును నేను మఱియొక ధర్మశాస్త్రమునఁ జూడలేదు.

ఇట్టి ధర్మమును ఉగ్గుపాలతో నేర్చినవారి కన్నులయెదుట కుక్కలను వేఁటాడి చంపఁగా ఊరకుందురా? 1832 జూను 6వ తేదిని కోటప్రాంతమున కుక్కలను చంపుచున్న కనిస్టేబుళ్లమీఁద సుమారు 200 మంది తిరుగఁబడిరి. మఱునాఁడు పారసీకులతో హిందువులును జైనులును కలిసిరి. అంగళ్లు మూఁతపడెను. పనులు నిలిచెను. కోటలోని దండునకును కొలాబాలోని దండునకును పోవలసిన తిండిసామగ్రిని గుంపులవారు అడ్డగించిరి. తుదకు సైన్యమును పిలిపించి గుంపులను చెదరఁగొట్టి కొందఱిని నిర్బంధించిరి.

ఈ అల్లరిని కేవలము మతావేశమని కొట్టివేసినవారు కలరు. గొప్ప స్వాతంత్ర్యసమరమని పొగడినను పొగడవచ్చును. నాకు రెండును సమ్మతములు కావు. తమ ముంగిటి నోరులేని ప్రాణికై నగరవ్యాపారమును ఆపినవారి యందు నాకు గౌరవము కలదు. అయినను దండులోని సామాన్య సిపాయికి తిండి రాకుండఁ జేయుట వలన ఏ కుక్కకు మేలు కలిగినది? పైగా నాఁటి వారిలో జలత్రాసమునకు విరుగుడు ఏమని యోచించినవాఁడొక్కఁడును కానరాఁడు. ఒక పక్షమువారు కుక్కకు వెఱచిరి. రెండవ పక్షమువారు కుక్క వెఱపును చూచిరి. రెండు వెఱపులను ఒక్కసారి చూచినవారు లేకపోయిరి.

మేలు జరిగినది పిదప. జంషేట్జీ జీజీభాయి యను పారసీక వర్తకుఁడు ఆ కాలమున బొంబాయిలో పేరుపడసినవాఁడు. దొరతనమువారికి విన్నపములు చేసి ఉభయపక్షములకు నడుమ మాట నడపిన పెద్దలలో ఆయన యొకఁడు. 1834లో ఆయనయు, అమీచంద్ షా అను జైన వర్తకుఁడును కూడి బొంబాయి పాంజరాపోలును స్థాపించిరి. దిక్కులేని కుక్కలకును, ఇతర జంతువులకును అది ఆశ్రయమయ్యెను. భులేశ్వరు పేటలో ఆ సంస్థ నేఁటికిని కలదు. ఇప్పుడు అందు గోవులే యెక్కువ. దిక్కులేని కుక్కలకై లండనునందు మేరీ టీల్బీ యను నామె ఆశ్రయము తెఱచినది 1860లో. మన బొంబాయివారు అంతకు 26 ఏండ్లు ముందే ఆ పని చేసిరి. దయ యను దానిని పాశ్చాత్యులు మనకు నేర్పిరని తలంచువారి కొఱకు ఈ లెక్క చెప్పితిని.

అసలు పాంజరాపోలు పద్ధతి గుజరాతమునందు అంతకంటె ప్రాచీనము. 16వ శతాబ్దము చివర వచ్చిన రాల్ఫ్ ఫిచ్ అను ఆంగ్లేయ వర్తకుఁడు ఖంబాయతు పట్టణమున కుంటి కుక్కలకును, పిల్లులకును, పక్షులకును వైద్యశాలలు కలవని వ్రాసికొనెను. ఇఁక మన సీమకు వత్తము. కర్నూలు జిల్లాలోని యెఱ్ఱగుడి కొండరాళ్లమీఁద అశోకుని శాసనములు చెక్కఁబడియున్నవి. అందు రెండవ శాసనము మనుష్యులకు చికిత్స, పశువులకు చికిత్స అని రెంటిని జంటగాఁ జెప్పుచున్నది. రెంటిని కలిపి చెప్పుటలోని వివేకము, చక్రవర్తి గతించిన యిరువది రెండు శతాబ్దముల పిమ్మటఁ గాని మరల మనకు బోధపడలేదనిన తప్పు కాదు.

ఆశ్రయము ఎంత పెద్దదైనను వీథి దానికంటె పెద్దది. ఆశ్రయమునకు తెచ్చిన కుక్క బ్రదికినది సరే. వీథిలో మిగిలినదాని నోటనున్న రోగమునకు ఏమి చేయుదురు? ఈ ముడి విడుట 1885లో ఆరంభమయ్యెను. ఆ సంవత్సరము జూలై 6న పారిసు నగరమున లూయీ పాశ్చరు, పిచ్చికుక్క కఱచిన తొమ్మిదేండ్ల బాలునకు తాను కనిపెట్టిన టీకాను వేయఁగా వాఁడు బ్రదికెను. మన దేశమున 1900లో కసౌలీయందును, 1907లో దక్షిణాదివారి కొఱకు కూనూరునందును పాశ్చరు సంస్థలు వెలసెను. కాటు తినినవానికి బ్రదుకు తెరువు దొరకెను. కాని పురపాలకులు మాత్రము కుక్కలను చంపుట మానలేదు. నోరులేని జంతువులకు హింస కూడదని 1960లో పార్లమెంటు చట్టము చేసినది. అందులకు రాజ్యసభలో మొదట పాటుపడినది రుక్మిణీదేవి అరండేలు. 1962లో ఏర్పడిన జంతుసంక్షేమ మండలికి మొదటి అధ్యక్షురాలును ఆమెయే. అట్టి కరుణాచట్టమునందును వీథికుక్కలను చంపుటను నేరముగా నెంచకుండ ఒక వాక్యము చొప్పింపఁబడినది. వెఱపు ఎంత లోఁతుగా వేరు పాఱినదో చూడుఁడు.

చంపుటవలన కుక్కలు తగ్గుచున్నవా అని అడిగినవారు మదరాసులోని బ్లూక్రాసు సంస్థవారు. 1959లో ఆరంభమైన ఆ సంస్థవారు 1964లో ఒక యుపాయమును సూచించిరి. ఒక వీథిలోని కుక్కలను చంపినచో ఆ వీథిలో తిండి మిగిలియుండును, ఆ తిండికై ప్రక్క వీథి కుక్కలు వచ్చి చేరును, ఈఁతలు సాగును, ఏడాది తిరుగునప్పటికి లెక్క మొదటికి వచ్చును. అందుచేత కుక్కకు శస్త్రచికిత్స చేసి సంతానము కలుగకుండఁ జేసి, జలత్రాసమునకు టీకా వేసి, పట్టిన చోటనే మరల విడువవలెనని వారు చెప్పిరి. టీకా వేసిన కుక్క రోగమును వ్యాపింపనీయదు. తన వీథికి క్రొత్త కుక్కను రానీయదు. ఇందు కుక్కయే మనకు కావలి. కుక్కలలో నూటికి 70 వంతులకు టీకా పడినచో ఆ ప్రాంతమున వ్యాధి నిలువలేదని ప్రపంచారోగ్య సంస్థవారును చెప్పుచున్నారు. ఇంత తేటయైన మాటను నగరసభవారు అంగీకరించుటకు ముప్పది యేండ్లు పట్టెను. 2001లో కేంద్రప్రభుత్వమువారు దీనినే నియమావళిగా చేసిరి. 2023లో దానిని మార్చి క్రొత్త నియమావళి వెలువరించిరి.

2025లో ఈ వ్యవహారము సుప్రీంకోర్టువఱకు పోయెను. ఆగస్టు 11న ఢిల్లీ ప్రాంతపు వీథికుక్కలనెల్ల పట్టి ఆశ్రయములలో ఉంచవలెనని ఉత్తరువు వచ్చినది. పదునొకండు దినములకు, 22వ తేదిని, ఆ యుత్తరువు సవరింపఁబడి, పిచ్చికుక్కలను, మీఁదఁబడు స్వభావముగలవానిని మినహాయించి తక్కినవానిని టీకా వేసి పట్టిన చోటనే విడువుమనిరి. ఏర్పఱచిన చోటులలోనే తిండి పెట్టవలెననిరి. నవంబరు 7న మఱియొక యుత్తరువు: విద్యాలయములు, ఆసుపత్రులు, క్రీడాస్థలములు, బస్సు నిలయములు, రైల్వేస్టేషనులు అను వీనినుండి కుక్కలను తొలఁగించి ఆశ్రయములకు తరలింపవలెను, మరల అచ్చట విడువరాదు. బిడ్డను కుక్క కఱచిన తల్లి కడుపుకోఁతను చూచినవారెవరును న్యాయమూర్తుల ఆందోళనమును తేలికగాఁ గొట్టివేయలేరు. అయినను 1832నాఁటి కథ తెలిసినవానికి ఒక సంశయము కలుగక మానదు. ఉత్తరువును నెఱవేర్చువాఁడు లెక్క చూపవలసినవాఁడు. లెక్కకు సులువుగా దొరకునది ఏ కుక్క? ఎనిమిది అణాలు పోయినను, ఆ లెక్క పోలేదు. టీకా పడి, చెవికి గుఱుతు పడి, ప్రయాణికుల కాళ్లనడుమ నిశ్చింతగాఁ బండుకొను కుక్క మొదట బండి యెక్కును. బల్లక్రింద నక్కి గుఱ్ఱుమను బెదరు కుక్క, టీకా పడనిది, మిగిలిపోవును. అపాయము ఉన్నది దానియొద్దనే. సాయము కావలసినదియు దానికే.

అట్టి కుక్కను ఎట్లు గుర్తింపవలెను? తోఁక కాళ్లనడుమ ముడుచుకొనును; చెవులు వెనుకకు వ్రాల్చును; ఆఁకలి లేకున్నను పెదవులు నాకుకొనును; నిద్ర లేకున్నను ఆవులించును; కనుగ్రుడ్ల తెలుపు కనఁబడ ప్రక్కకు చూచును. మొఱుగు కుక్క కఱవదని మన సామెత. వెఱచిన కుక్క విషయమున ఆ సామెతను నమ్మరాదు. పాఱుటకు త్రోవ లేనపుడు అది మొఱుగును, కఱచును గూడ. కాఁబట్టి మొదటి సాయము దానికి త్రోవ విడుచుట. గుంపు చుట్టును మూఁగరాదు. ఎదురుగా నిలిచి కన్నులలోనికి చూడరాదు. కుక్కల భాషలో అది కయ్యమునకు కాలుదువ్వుట. ప్రక్కవాటుగాఁ గూర్చుండి, మెల్లని గొంతుతో నేదో పలుకుచు, చేయి చాఁపక, అది తానై వాసన చూచుటకు వచ్చువఱకు ఓపిక పట్టవలెను. నీళ్లు ఉంచి వెనుకకు తగ్గుఁడు. మెడకు పట్టీ యున్నచో త్రోవ తప్పిన పెంపుడు కుక్క కావచ్చును. గాయము కనఁబడినను ముట్టకుఁడు. నొప్పితో నున్నది తన యజమానునే కఱచును. చెవి కొనయందు కత్తెర గుఱుతు ఉన్నదా యని చూడుఁడు. ఉన్నచో అది శస్త్రచికిత్స యైనదని సంకేతము. లేనిచో పురపాలకసంఘమువారికి గాని, జంతుసంక్షేమ సంస్థవారికి గాని తెలియఁజేసి, వారు వచ్చువఱకు ఆ చోట ఒకరు నిలిచియుండుట మేలు. పిల్లలు ఱాళ్లు రువ్వకుండఁ జూచుటయే ఆ నిలిచినవాని పని. నలువదేండ్లు బడిపిల్లలతో గడపినవాఁడను. దీపావళినాఁడు కుక్క తోఁకకు టపాకాయలు కట్టు పిల్లవానికి కావలసినది బెత్తము కాదని ఎఱుఁగుదును. ఆ కుక్క రాత్రియంతయు ఏ మూల నక్కి వణఁకెనో వానికి మఱునాఁడు చూపినచో చాలును.

ఇంత జాగ్రత్త పడినను పన్ను గీఱినచో ఉపేక్షింపరాదు. గాయము చిన్నదేకదా యని ఇంటికి పోరాదు. కారము, సున్నము, పసరులు పూయరాదు. ధారగాఁ బడు నీటితోను సబ్బుతోను పదునైదు నిమిషములు కడిగి, ఆ దినముననే ఆసుపత్రికి పోయి టీకా మొదలిడవలెను. లోఁతైన గాయమైనచో గాయమునందే వేయు మఱియొక మందు కలదు, దానిని అడిగి వేయించుకొనవలెను. చెప్పిన దినములకు తప్పక పోయి టీకాలన్నియు ముగించుకొనవలెను.